డెమో పాఠంలో కొరమీను

ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగువాళ్ళ బడిలో పాఠం చెప్పడమంటే మూడు భాషలతో కాపురం చెయ్యడమే. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, వివరణ తెలుగులో సాగేది, పిల్లల అనుమానాలు మాత్రం హిందీలో వచ్చేవి. ఇంట్లో అమ్మ తెలుగులో తిడితే హిందీలో అలిగే పిల్లలు వాళ్ళు. మెట్రో ఇంకా రాలేదు. బస్సులో ఒంటికాలి మీద నిలబడే చోటు దొరికితే ఆ రోజు రాశి బాగున్నట్టు లెక్క. (ఇప్పుడు మెట్రోలో చల్లగా కూర్చుని కూడా రెండు నిమిషాలు ఆగిందని విసుక్కుంటున్నాను, అదేం జబ్బో!) తొంభైల మధ్యలో, అలాంటి ఒక బడిలో నేను జీవశాస్త్రం టీచరుని. టీచరునంటే పూర్తి టీచరుని కాదు. ఒకావిడ పురిటి సెలవు మీద వెళితే ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నదాన్ని. ఆవిడ కొన్నాళ్ళకు బాబును చంకనేసుకుని వచ్చి, ఇక ఉద్యోగం చెయ్యనని చెప్పి, స్వీట్లు పంచి వెళ్ళిపోయింది. ఆ స్వీటు నేను తిన్నంత సంబరంగా ఆ బాబు నాయనమ్మ కూడా తిని ఉండదు. కుర్చీ ఇక నాదే అనుకున్నాను. కానీ బడి కమిటీవారు ఒక మెలిక పెట్టారు. వారి ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలిట. దాని పేరు డెమో. మెప్పిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఏప్రిల్లో పెట్టె సర్దుకుని ఏలూరు రైలెక్కడమే. నాకు ఏలూరంటే కోపమేమీ లేదు. కానీ సొంత జీతం, సొంత బస్సు పాసు, నా డబ్బుతో నేను కొనుక్కున్న ఎర్ర స్వెట్టరు, వీటి రుచి మరిగాక మళ్ళీ అమ్మ కొంగు వెనక నిలబడి "ఏమ్మా, ఏం చేస్తున్నావిప్పుడు?" అనే చుట్టాలకు జవాబు చెప్పడం నా వల్ల కాదు. ఆ ఉద్యోగం నాకు కావాలి. కావాలంటే కావాలి, అంతే.

నేనుండేది ఆర్.కె. పురంలో, మా అక్కావాళ్ళ గవర్నమెంటు క్వార్టర్లో. రెండు గదులు, ఒక వంటిల్లు, మంచం వేస్తే మనిషి పక్కకు తిరగలేని వరండా. ఆ వరండా నా సామ్రాజ్యం. బావగారు కేంద్ర ప్రభుత్వంలో ఏదో శాఖలో గుమాస్తా. ఏ శాఖో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఆయన ఇంట్లో ఆఫీసు మాటెత్తేవారు కాదు. ఎత్తితే చేపల మాటే. కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. విధి తనను తీసుకొచ్చి పనీరు తినేవాళ్ళ మధ్య పడేసిందని ఆదివారం ఆదివారం వాపోయేవారు. "మరదలా, ఈ పనీరుంది చూశావూ, దీనికి ముల్లూ లేదు, రుచీ లేదు, ఒక అభిప్రాయమంటూ లేదు" అనేవారు. జీతం రాగానే స్కూటరేసుకుని చిత్తరంజన్ పార్కు మార్కెట్టుకు వెళ్ళి, అక్కడి బెంగాలీ చేపలవాళ్ళతో వచ్చీరాని హిందీలో పోట్లాడి, విజేతలా తిరిగొచ్చేవారు. అక్క వండేది, నేను తినేదాన్ని. (ఈ పని విభజనలో నా వాటా ఏనాడూ మారలేదు.) ఇంతకీ నేను చదివింది జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. చేపల మీద ఒక పేపరు మొత్తం రాశాను. వాటి లాటిన్ పేర్లు నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. అయితే ఆ లాటిన్ పేర్ల చేపలకూ అక్క వండే చేపలకూ ఏదైనా చుట్టరికం ఉంటుందేమోనన్న ఆలోచన నా బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు. పుస్తకంలో చేప పుస్తకంలోదే, కంచంలో చేప కంచంలోదే.

మా హెడ్మిస్ట్రెస్‌ని అందరం పెద్ద మేడమ్ అనేవాళ్ళం. ఆవిడకు డెమో పాఠమంటే ఇంట్లో పెళ్ళి జరిగినంత హడావిడి. కమిటీ ముందు చెప్పబోయే పాఠాన్ని అదే పిల్లలకు ముందుగానే చెప్పించి, రిహార్సళ్ళు వేయించడం ఆ బడి ఆచారం. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలి, ఎవరు చెయ్యెత్తాలి, ఎవరు తప్పు చెప్పాలి, అన్నీ ఆవిడే ఖాయం చేసేవారు. (అందరూ ఒప్పే చెబితే కమిటీవారికి అనుమానం వస్తుందట. అందుకని ఒకడు తప్పు చెప్పాలి, వాణ్ణి ఇంకొకడు మర్యాదగా దిద్దాలి.) "జవాబులు వచ్చేశాయి, బాగుంది. కానీ ఆ ముఖాలేమిటమ్మా? పాఠం ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు ఉండాలి ముఖాలు!" అని వెనక బెంచీ నుంచి కేకేసేవారు. పాఠం కూడా ఆవిడే ఎంచారు. చేప శరీరం అది బతికే చోటుకు తగ్గట్టు ఎలా అమరింది అన్నది విషయం. "చార్టు ఎవరైనా చూపిస్తారు. మీరు ప్రాణమున్న చేపను చూపించండి. కమిటీవారు జన్మలో మరిచిపోకూడదు" అన్నారు. ఆ మాట అక్షరాలా జరిగింది.

రిహార్సళ్ళకు బావగారు ఒక చిన్న రోహూను, అదే మన శీలావతిని, బతికున్నదాన్ని తెచ్చిపెట్టారు. పాఠం అద్భుతంగా కుదిరింది. చేప ఒళ్ళు రెండువైపులా ఎందుకు కోసుగా ఉంటుంది, ఒంటి మీద ఆ జిగురెందుకు, పక్కన గీసినట్టుండే గీత నీళ్ళ కదలికను ఎలా కనిపెడుతుంది, అన్నిటికీ జవాబులు టకటకా వచ్చేవి. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. మంచినీటి చేప నీళ్ళు తాగుతుందా అని నేను అడగాలి. తాగదు మేడమ్, దాని ఒంట్లో ఉప్పు ఎక్కువ కాబట్టి చుట్టూ ఉన్న నీళ్ళే ఒంట్లోకి చేరిపోతాయి, అందుకని అది మాటిమాటికీ ఒకటికి పోతూనే ఉంటుంది అని వాళ్ళు చెప్పాలి. ఈ జవాబుకు క్లాసు క్లాసంతా చేతులెత్తేది. చెయ్యెత్తకుండా ఆపడమే కష్టమైంది. పాఠానికి ప్రాణం మాత్రం చివరి అంకంలో ఉంది. నేను చేపను నీళ్ళలోంచి తెల్ల ట్రేలోకి తియ్యాలి. అది ఎగిరెగిరి పడాలి. అప్పుడు ముందు బెంచీ కుర్రాడు లేచి గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో మేడమ్! గిలగిలా కొట్టుకుంటోంది! నీళ్ళలో వేసెయ్యండి, పాపం!" అనాలి. ఈ కుర్రాడికి మేం పెట్టుకున్న పేరు టేప్ రికార్డర్. ఒకసారి చెప్పింది పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు, నా దగ్గుతో సహా. వాడు ఆ మాట అనగానే నేను చేపను నీళ్ళలో వేసి, మొప్పల సంగతి చెప్పాలి. మొప్పల్లోని సన్నని పోగులు నీళ్ళలో విడివిడిగా తేలుతాయి, గాలిలోకి రాగానే తడిజుట్టులా ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అందుకే నీళ్ళ బయట చేపకు ఊపిరాడదు, ఇదీ పాఠం. రిహార్సళ్ళు ముగిశాక ఆ రోహూ నేరుగా అక్క బాండీలోకి రిటైరయింది. "నటన బాగా చేసింది కానీ ఒంటి నిండా ముళ్ళే" అని బావగారు తింటున్నంతసేపూ సణిగారు.

అసలు రోజుకు కొత్త చేప కావాలి కదా. "చేప సంగతి నాకొదిలెయ్ మరదలా, నువ్వు నీ పాఠం చూసుకో" అని బావగారు అభయమిచ్చారు. ఆ రోజు పొద్దున్నే సగంపూట సెలవు పెట్టి మార్కెట్టుకు వెళ్ళి, మూతపెట్టిన పాల క్యానుతో వచ్చారు. నేను గంజి పెట్టిన చీరలో కదలలేక, పెదవులతో పాఠం వల్లెవేసుకుంటున్నాను. క్యాను ఊపి చూస్తే నీళ్ళు అడుగునే గలగలమన్నాయి. "అయ్యో, ఇంత తక్కువ నీళ్ళేమిటి బావగారూ? దారిలోనే చచ్చిపోతుందేమో!" అన్నాను. "ఇదా? ఇది చావదు. నాదీ పూచీ. నీ పాఠం అయ్యి, మళ్ళీ మన వంటింట్లోకి వచ్చేదాకా నవనవలాడుతూ ఉంటుంది" అన్నారాయన. వంటింట్లో అక్క చింతపండు నానబెడుతోంది. ఆ మనిషి నా ఉద్యోగం కోసం ఇంత జాగ్రత్తగా చేపను ఎంచి తెచ్చారే అని నా కళ్ళు చెమర్చాయి కూడా. ఏం చేప అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథే లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయా, క్యాను కడిగారా, మూత వదులుగా ఉందా అని అన్నీ అడిగాను, అదొక్కటీ తప్ప. క్యాను కాళ్ళ మధ్య పెట్టుకుని ఆయన, వెనక సీటు మీద చార్టులు పట్టుకుని నేను, స్కూటరు మీద బడికి చేరాం. ఆయన క్లాసు గుమ్మం బయటే నిలబడిపోయారు. "నువ్వెళ్ళు. పాఠం అయ్యాక తీసుకుపోతా" అన్నారు. నాకు ధైర్యంగా ఉంటుందని నిలబడ్డారనుకున్నాను. ఆయన చూపు క్యాను మీదే ఉందని తరువాత తెలిసింది.

కమిటీ తరఫున ఒక్కాయనే వచ్చారు. ఏదో పెద్ద హోదాలో రిటైరైన ఆఫీసరు, ఎప్పుడూ బూడిదరంగు సఫారీ సూటే. అందుకని టీచర్లందరం చాటుగా సఫారీగారు అనేవాళ్ళం. ఆయన నవ్వగా చూసినవాళ్ళు బళ్ళో ఎవరూ లేరు. వచ్చి నా బల్లకు దగ్గరగా కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. పెద్ద మేడమ్ వెనక గోడకు ఆనుకుని, ముఖాలు ముఖాలు అని పిల్లలకు సైగలు చేస్తున్నారు. పాఠం పట్టాల మీద బండిలా సాగింది. తప్పు చెప్పాల్సినవాడు తప్పు చెప్పాడు, దిద్దాల్సినవాడు దిద్దాడు. ఒకటికి పోయే జవాబుకు యథాప్రకారం అన్ని చేతులూ లేచాయి. సఫారీగారు తల ఊపుతున్నారు. నా మనసులో అప్పుడే రెండో స్వెట్టరు కొనేసుకున్నాను. ఇక చివరి అంకమని, క్యాను మూత తీసి ట్రేలోకి వంపాను.

నల్లగా, పొడుగ్గా, పాముతలలాంటి తలతో ఒక కొరమీను జర్రున జారి ట్రేలో పడింది. కొరమీనని కంచం జ్ఞానంతో గుర్తుపట్టాను. పుస్తక జ్ఞానం మాత్రం నోరు మెదపలేదు. పోన్లే, ఏ చేపైతేనేం, చేపే కదా అనుకున్నాను. ట్రేలోని నీళ్ళన్నీ బల్ల పక్కనున్న బకెట్లోకి వంచేసి, "ఇప్పుడు చూడండి పిల్లలూ, నీళ్ళు లేకపోతే చేపకు ఏమవుతుందో!" అన్నాను గొంతు పెంచి. ఏమీ కాలేదు. అది ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుంవాల్చిన మా బావగారిలా ట్రేలో తీరిగ్గా పడుకుంది. టేప్ రికార్డర్ సమయానికి లేచాడు. గుండె మీద చెయ్యి పడింది. "అయ్యో మేడమ్! గిలగిలా కొట్టుకుంటోంది! నీళ్ళలో వేసెయ్యండి, పాపం!" వెనక నుంచి క్లాసంతా "పాపం!" అంది. పాపమనిపించుకుంటున్న ఆ జీవి మాత్రం తోక చివర కూడా కదపలేదు. ఏం చెయ్యాలో తోచక, "చూశారా, ఊపిరాడక ఎలా తన్నుకుంటోందో!" అని నా వంతు మాట నేను అప్పజెప్పేశాను. సఫారీగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చేపను చూశారు. చేప ఆయన్ను చూసింది. "బాగానే ఉన్నట్టుందేమ్మా?" అన్నారు మెల్లగా. తన మాట నాకు వినపడలేదేమోనని టేప్ రికార్డర్ ఇంకా గట్టిగా మళ్ళీ అన్నాడు. ఆయాసపడుతూ మూడోసారీ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, నా వైపు తిరిగి, నమ్మకమైన శిష్యుడిలా అందరికీ వినపడేట్టు అడిగాడు: "మేడమ్, యే తో మర్ హీ నహీఁ రహీ. అబ్ క్యా బోలూఁ?"

ఇది చావడమే లేదు, ఇప్పుడు నన్నేం చెప్పమంటారు అని వాడి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. రిహార్సళ్ళ గుట్టు మొత్తం ఆ ఒక్క మాటతో బల్ల మీద పడింది. పెద్ద మేడమ్ కళ్ళు మూసుకున్నారు. నాకు చెవుల్లో ఏలూరు రైలు కూత వినపడింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది, నిజంగానే వచ్చింది. తల ఎత్తితే సఫారీగారిని చూడాలి, అందుకని తలొంచుకుని చేపనే చూస్తున్నాను. అప్పుడది నోరు తెరిచింది. ఒక్క గుటక గాలి మింగింది. తల మీద చెంపల దగ్గర ఏదో ఉబ్బి సర్దుకుంది. ఆ క్షణాన నా బుర్రలో ఏళ్ళ తరబడి విడివిడిగా కాపురం చేస్తున్న రెండు చేపలూ ఒక్కటయ్యాయి. ఓరి దేవుడా, ఇది అదే! మొప్పల పైన, తలలో, రెండు చిన్న గదులు, వాటి గోడల నిండా రక్తనాళాలు. పరీక్షలో ఆ బొమ్మను ఎర్ర పెన్సిలుతో, నీలం పెన్సిలుతో ముచ్చటగా వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. కింద లాటిన్ పేరు కూడా రాశాను. అది చిన్నప్పటి నుంచీ నేను తింటున్న కొరమీనని ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఏమీ చెప్పకురా" అన్నాను టేప్ రికార్డర్‌తో. "ఇట్రా. ఇటొచ్చి చూడు. నీ కళ్ళకు ఏం కనిపిస్తే అది చెప్పు." వాడికి ఇది కొత్త. బెదురుతూ వచ్చి ట్రే మీదకు వంగాడు. "ముంహ్ ఖోల్ రహీ హై... మేడమ్, హవా పీ రహీ హై!" అని అరిచాడు. నోరు తెరిచి గాలి తాగుతోందనేసరికి ఇక బెంచీల్లో ఎవరూ మిగల్లేదు. అందరూ నా బల్ల చుట్టూ చేరారు, నన్నూ సఫారీగారినీ కలిపి తోసుకుంటూ. నేను చెప్పుకుపోయాను. అవును, ఇది గాలి మింగి తలలోని గదుల్లో నింపుకుంటుంది, అక్కడి నుంచి ప్రాణవాయువు రక్తంలోకి పోతుంది. రోహూ పెద్ద నదుల చేప, దానికి నీళ్ళలో ప్రాణవాయువు దండిగా దొరుకుతుంది, మొప్పలు చాలు. మా వైపు గుంటల్లో, చెరువుల్లో వేసవికి నీళ్ళు ఇంకి బురదయిపోతుంది, ఆ బురదనీళ్ళలో పీల్చుకోవడానికేమీ ఉండదు. అక్కడ బతకాలంటే పైకొచ్చి గాలి మింగాల్సిందే. అందుకే దీని ఒళ్ళు ఇలా అమరింది. "ఫిర్ తో మేడమ్, యే పానీ మేఁ డూబ్ భీ సక్తీ హై?" అని ఎవరో అడిగారు. చేప నీళ్ళలో మునిగి చచ్చిపోతుందా? ఈ ప్రశ్న రిహార్సళ్ళలో లేదు. నేను ఒక్క క్షణం ఆలోచించి, "అవును. పైకి రానివ్వకుండా ఆపితే మునిగి చచ్చిపోతుంది" అన్నాను. క్లాసు గొల్లుమంది. చేప మునగడమనే మాట వాళ్ళకు ఎంత నచ్చిందంటే, ఒకటికి పోయే జవాబును ఆ రోజుతో మరిచిపోయారు.

ఇంత పొగడ్త విన్నాక కొరమీనుకు కూడా ఉత్సాహం వచ్చినట్టుంది. ట్రే అంచు మీద నుంచి ఒక్క జారు జారి బల్ల మీద పడి, ఒంటిని వంకర్లు తిప్పుకుంటూ నేరుగా సఫారీగారి ఒళ్ళోకి బయల్దేరింది. ఆయన అంత హోదాలో రిటైరైన మనిషి, చటుక్కున కుర్చీ ఎక్కి నిలబడ్డారు. నేను పట్టుకోబోతే చేతుల్లోంచి సబ్బుబిళ్ళలా జారిపోయింది. పిల్లలు కెవ్వుమన్నారు. అంతలో గుమ్మంలోంచి మా బావగారు రుమాలు చేత్తో పట్టుకుని గాలిలా దూసుకొచ్చి, తల వెనక ఒడుపుగా ఒక్క పట్టు పట్టి, చేపను క్యానులో వేసి మూత పెట్టారు. కుర్చీ మీద నుంచే సఫారీగారు, "ఎవరండీ మీరు?" అన్నారు. కంగారులో బావగారికి నా పేరు గాని, నాతో వరస గాని గుర్తురాలేదు. చేతులు కట్టుకుని వినయంగా, "చేప తాలూకండీ" అన్నారు.

టేప్ రికార్డర్ క్యాను పట్టుకు వేలాడుతూ, "అంకుల్, అబ్ ఇస్కా క్యా కరోగే?" అని, దీన్నిప్పుడేం చేస్తారో చెప్పమని అడిగాడు. ఆయన అబద్ధం రాని మనిషి. పులుసు పెడతామన్నారు. ఇక చూడాలి! ఆడపిల్లలు నిజంగానే ఏడ్చారు. ఈసారి ఏడుపులకు పెద్ద మేడమ్ సైగ చెయ్యనక్కర్లేకపోయింది. అందరూ ఆయన్ను చుట్టేసి, ప్లీజ్ అంకుల్ ప్లీజ్ అంకుల్ అని చొక్కా లాగారు. బావగారు నా వైపు చూశారు, క్యాను వైపు చూశారు. గుటక మింగి, "ఠీక్ హై బేటా, నహీఁ ఖాయేంగే" అన్నారు. సరే, తినంలే అన్న ఆ రెండు ముక్కలు అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

తరువాత పెద్ద మేడమ్ గదిలో నన్ను నిలబెట్టారు. సఫారీగారు ప్యాంటు మీది నీళ్ళ మరకలు రుమాలుతో అద్దుకుంటూ, "ఈ చేప ఇలా గాలి పీలుస్తుందని మీకు ముందే తెలుసా?" అని అడిగారు. తెలుసండీ, పిల్లలను ఆశ్చర్యపరచాలని అలా చేశానండీ అనొచ్చు. పెద్ద మేడమ్ కళ్ళతో అదే అనమంటున్నారు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎందుకో ఆ పూటకు నాకు అప్పజెప్పే ఓపిక అయిపోయింది. "తెలియదండీ. పుస్తకంలో చదివాను కానీ ఇదే అదని తెలియదు. మీ ముందే తెలిసింది" అనేశాను. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీ పాఠం మొదటి సగం నేను ఈ బళ్ళో చాలామంది నోట విన్నానమ్మా" అన్నారు, పెద్ద మేడమ్ వైపు చూడకుండా. "నిద్రొస్తుంది. రెండో సగం మీకూ తెలియదు, పిల్లలకూ తెలియదు, నాకూ తెలియదు. అందరం కలిసి తెలుసుకున్నాం. నేను నిద్రపోకుండా విన్న పాఠం ఇదొక్కటే. ఏప్రిల్ నుంచి పర్మనెంటుగా వచ్చెయ్యండి." బయటకు వస్తూ వరండాలో బావగారి దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "కొరమీను ఇక్కడ ఏ మార్కెట్లో దొరుకుతుందండీ?" అని అడిగారు. అప్పుడు నవ్వారు. చూసినవాళ్ళం మేమిద్దరమే.

ఆ రాత్రి మా ఇంట్లో ఆనపకాయ పులుసు. అక్క అదే చింతపండు, అదే మసాలా వేసింది, కానీ క్యాను మూత తీసి చూసి, "పిల్లలు కన్నీళ్ళు పెట్టుకున్న చేపను నేను కొయ్యనండీ" అని కత్తిపీట గోడకు ఆనించేసింది. "ఇందులో చేప తప్ప అన్నీ ఉన్నాయి" అన్నారు బావగారు ముక్క వేళ్ళతో కదుపుతూ. అన్నారే గాని, నా ఉద్యోగం ఖాయమైందని ఆనందం పట్టలేక మారు వడ్డించుకున్నారు. చేప కొన్నాళ్ళు మా బాత్రూములో బకెట్లో ఉంది. అది తలెత్తి గుటకేసి మునిగినప్పుడల్లా, లోపల స్నానం చేస్తున్న బావగారు "ఆఁ, కానియ్ కానియ్" అనడం బయటికి వినిపించేది. ఒక ఆదివారం ఇద్దరం స్కూటరు మీద దాన్ని తీసుకెళ్ళి, పాత కోటగోడ పక్కనున్న చెరువులో వదిలాం. నీళ్ళు పచ్చగా, నాచు పట్టి ఉన్నాయి. బావగారు గట్టున చాలాసేపు కూర్చున్నారు. "ఇక్కడి నీళ్ళు అంత బాగోవు. అయినా నీకేంలే, పైకొచ్చి పీల్చుకుంటావు" అన్నారు దానితో. నేనూ ఆయన పక్కనే కూర్చుని, వేరుశెనగలు తింటూ, ఇక ఈ ఊరు నాదే అనుకున్నాను. అంత సుఖంగా నేను ఢిల్లీలో అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు.

ఆ బళ్ళోనే చాలా ఏళ్ళు పనిచేశాను. మరుసటి ఏడాది కమిటీలోంచి కొత్తవాళ్ళు చూడ్డానికి వస్తున్నారనగానే పెద్ద మేడమ్ నన్ను పిలిచి, "ఆ కొరమీను పాఠమే పెట్టండమ్మా, బాగా పండింది" అన్నారు. పెట్టాను. చేప చావకపోతే ఎవరు ముందు ఆశ్చర్యపోవాలో, ఎవరు గాలి తాగుతోందని అరవాలో, మునిగిపోతుందా అన్న ప్రశ్న ఎవరు అడగాలో, అన్నీ రాసుకుని రిహార్సళ్ళు వేశాం. వెనక బెంచీ నుంచి ముఖాలు ముఖాలు అన్న కేక ఈసారి నా ముఖం గురించి కూడా వచ్చింది. పిల్లలు చక్కగా ఆశ్చర్యపోయారు. వచ్చినవాళ్ళు చక్కగా మెచ్చుకున్నారు. ఒకాయన కునికాడు కూడా. ఆ తరువాత ఏడాదికేడాది నేను ఆ పాఠాన్ని ఇంకా బాగా, తడుముకోకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పడం నేర్చుకున్నాను. మంచి టీచరునని పేరు తెచ్చుకున్నాను, అవార్డు కూడా ఇచ్చారు. కానీ ట్రే మీదకు తలొంచుకుని, ఏడుపు ఆపుకుంటూ, ఏమీ తెలియక నిలబడిన ఆ గంజి చీర పిల్ల ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. ఎన్నో తెలుసుకున్నాను గాని, ఆ పిల్లకు తెలియనంత బాగా తెలియకపోవడం మాత్రం నాకు మళ్ళీ చేతకాలేదు.